వెతికేవారికి దొరికేలా రాయడం: వనస్థలిపురం మిద్దె మీది నుంచి కొన్ని అనుభవ పాఠాలు

వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిగా పనిచేసి రిటైరయ్యాను. సొంతూరు నల్లగొండ జిల్లా. విజయవాడ రోడ్డు మీద ఉండటం వల్ల మా వైపు వాళ్ళకు హైదరాబాదులోని వనస్థలిపురం పరాయి ఊరనిపించదు, అందుకే ఇక్కడ ఇల్లు కట్టుకున్నాను. మిద్దె మీద కూరగాయలు పండిస్తూ, వాటి సంగతులే తెలుగులో బ్లాగుగా రాస్తున్నాను. చదివేవాళ్ళలో ఎక్కువమంది గూగుల్‌లో ఏదో వెతుక్కుంటూ వచ్చినవాళ్ళే. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో డిజిటల్ మార్కెటింగ్ నేర్చుకుంటున్న మా కాలనీ పిల్లలు "అంకుల్, ఎస్ఈఓ మీరెలా చేశారు?" అని అడుగుతుంటారు. ఎస్ఈఓ అంటే వెతికేవాళ్ళకు మన పేజీ దొరికేలా చేసుకోవడం. విడివిడిగా చెప్పే మాటలను ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాను. కూరగాయల గురించే రాయక్కర్లేదు. వంటలైనా, గుళ్ళ చరిత్ర అయినా, పిల్లల చదువులైనా తెలుగులో రాసేవాళ్ళందరికీ ఇవి పనికొస్తాయని నా నమ్మకం.

1. వాళ్ళు ఏ మాటతో వెతుకుతారో ముందు తెలుసుకోండి

ఉద్యోగంలో మేం వేసే కరపత్రాలకు ఒక భాష ఉండేది. 'మిరపలో రసం పీల్చు పురుగుల సమగ్ర యాజమాన్యం' అని శీర్షిక పెట్టేవాళ్ళం. శాఖలో అది సరైన మాటే. కానీ ఖమ్మం రైతు గానీ, బీఎన్ రెడ్డి నగర్‌లో నాలుగు గ్రోబ్యాగుల్లో మిరప వేసుకున్న ఇల్లాలు గానీ ఫోనులో ఆ మాట కొట్టరు. "మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయి ఏం చేయాలి" అని కొడతారు. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగులో నోటితో చెప్పి వెతికే సౌకర్యం తెచ్చింది. టైపింగు రానివాళ్ళు ఇప్పుడు ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ఎదుటి మనిషిని అడిగినట్టే పూర్తి వాక్యం అడుగుతున్నారు. వాళ్ళు అడిగిన ఆ వాక్యమే మీ పేజీలో ఎక్కడో ఒకచోట ఉండాలి.

మన భాషలో ఇంకో చిక్కుంది. ఒకే కూరగాయకు జిల్లాకో పేరు. కొందరికి సొరకాయ, గోదావరి వాళ్ళకు ఆనపకాయ, మా నల్లగొండలో ఆనిగెపుకాయ. గోంగూరను తెలంగాణ పల్లెల్లో పుంటికూర అంటారు. వేరుశనగ కొందరికి పల్లి, రాయలసీమలో కొందరికి బుడ్డలు. వనస్థలిపురంలో ఈ జిల్లాలన్నిటి మనుషులూ పక్క పక్క ఇళ్ళల్లో ఉంటారు. రైతుబజారులో ఓ అరగంట నిలబడితే ఈ పేర్లన్నీ వినబడతాయి. నేను ఏ కూరగాయ గురించి రాసినా మొదటి పేరాలోనే ఆ పేర్లను ఒక సహజమైన వాక్యంలో చెప్పేస్తాను. ఒక్కసారి చెబితే చాలు, పేరా పేరాకూ దండ గుచ్చనక్కర్లేదు.

చోట్ల పేర్లూ అంతే. మా దగ్గరున్న అడవి అసలు పేరు మహావీర్ హరిణ వనస్థలి. వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణ సందర్భంగా 1975లో ఆ పేరు పెట్టారు, తర్వాత జాతీయ ఉద్యానవనం అయింది. కాలనీలో ఎవర్నడిగినా డీర్ పార్కు అంటారు, కొందరు జింకల పార్కు అంటారు. దాని గురించి రాస్తే బోర్డు మీది పేరుతో పాటు జనం నోట్లో ఉన్న పేర్లూ పడాలి.

ఈ మాటలు ఎక్కడ దొరుకుతాయంటే, గూగుల్ పెట్టెలో రెండు మాటలు కొట్టి ఆగండి. కింద అదే కొన్ని ప్రశ్నలు చూపిస్తుంది, అవి జనం నిజంగా అడుగుతున్నవి. ఫలితాల పేజీ అడుగున కూడా అలాంటివే ఇంకొన్ని ఉంటాయి. విత్తనాల కొట్టు దగ్గర, అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో మనుషులు అడిగే మాటలను అడిగింది అడిగినట్టే నోటుబుక్కులో రాసుకోండి. భాష దిద్దకండి.

2. ఒక పేజీకి ఒక ప్రశ్న, జవాబు మొదట్లోనే

'మిరప సాగు సమస్తం' అని ఒకే పేజీలో విత్తనం నుంచి కారం దాకా రాస్తే ఆకు ముడత గురించి వెతికేవాడు అందులో మునిగిపోతాడు. ముడతకు విడిగా ఒక పేజీ ఉండాలి. ఆ పేజీ మొదటి నాలుగు వాక్యాల్లో పని జరిగిపోవాలి: ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి, మొక్క గిడసబారి ఆకులు చిన్నవై గుబురు కడితే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ తెగులు. మొదటి రెండింటికీ మందుంది. మూడోదానికి లేదు, మొక్క పీకేయాలి. ఇంతవరకు చదివి వెళ్ళిపోయినా అతని పని అయినట్టే. ఆగినవాళ్ళకు కింద వివరంగా చెప్పండి. ఆకు వెనక ఏం చూడాలి, వేపనూనె ఎంత కలపాలి, ఏ పూట చల్లాలి అన్నవి వరుసగా రావాలి.

మన వ్యాసాల్లో ఉపోద్ఘాతం పెద్దదిగా ఉంటుంది. మిరప పోర్చుగీసు వాళ్ళతో మన దేశానికి ఎప్పుడొచ్చిందో మొదలుపెట్టి, చివర్లో అసలు విషయం చెబుతాం. ఆ చరిత్ర నాకూ ఇష్టమే. దానికి ఇంకో పేజీ రాసి, ఇక్కణ్ణుంచి దానికి లింకు ఇవ్వండి. అలా మీ పేజీలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటే చదివేవాళ్ళకూ దారి తెలుస్తుంది, గూగుల్ యంత్రానికీ తెలుస్తుంది.

ఒక చిన్న సంగతి. లోపల ఉపశీర్షికలు పెట్టేటప్పుడు అక్షరాలను లావు చేసి వదిలేయొద్దు. రాసే పెట్టె పైన హెడింగ్ అని ఉంటుంది, దాన్ని ఎంచుకోండి. చూపుకు రెండూ ఒకటే గానీ, ఇది ఉపశీర్షిక అని యంత్రానికి తెలిసేది రెండో పద్ధతిలోనే.

3. శీర్షికలో కవిత్వం తగ్గించండి

'నా మిద్దె మీద ఓ వానాకాలం సాయంత్రం' అని పేరు పెడితే చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ దాన్ని ఎవరూ వెతకరు. 'వానాకాలంలో కుండీల్లో నీళ్ళు నిలిస్తే ఏం చేయాలి' అంటే వెతుకుతారు. ముఖ్యమైన మాట శీర్షిక మొదట్లో ఉంచండి, ఎందుకంటే ఫోను తెర మీద పొడుగు శీర్షికలు చివర తెగిపోతాయి. శీర్షికలో ఇచ్చిన మాట లోపల నిలబెట్టుకోవాలి. 'ఈ ఒక్కటి వేస్తే బుట్టలకొద్దీ టమాటాలు' అని పిలిచి లోపల మామూలు ఎరువు గురించి చెబితే, వచ్చినవాళ్ళు వెంటనే వెనక్కి వెళ్ళిపోతారు. మళ్ళీ రారు.

4. అక్షరం యంత్రానికి కూడా అక్షరంగానే కనబడాలి

ఇది తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన పాఠం, కొంచెం ఎక్కువ చెబుతాను.

2000 తర్వాత తొలి ఏళ్ళలో మన దినపత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్ళు వాడేవి. ఈనాడు చదవాలంటే ఈనాడు ఫాంటు ఉండాలి. తెర మీద తెలుగు కనిపించేది గానీ, లోపల కంప్యూటర్ దగ్గర ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. అందువల్ల తెలుగులో వెతికితే అందులో ఏదీ దొరికేది కాదు. అన్ని రోజుల వార్తలు, అన్ని వ్యాసాలు ఉండీ లేనట్టే. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొట్టమొదటి వెర్షన్ నుంచే చోటుంది. అయినా మన రాతలు అందులోకి రావడానికి ఏళ్ళు పట్టింది. ఆ మార్పు వెనక కొందరి స్వచ్ఛంద శ్రమ ఉంది. వెన్న నాగార్జున తయారుచేసిన 'పద్మ' ఈ సొంత ఫాంట్ల పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. వీవెన్ చేసిన 'లేఖిని' వల్ల ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు రాయడం సులువైంది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇవాళ మనం ఫోనులో తెలుగులో ఏదైనా వెతగ్గానే దొరుకుతోందంటే వాళ్ళందరికీ రుణపడి ఉన్నాం.

ఆ సమస్య ఇంకా పూర్తిగా పోలేదు. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లతో పని నడుస్తుంది. సంఘాల సావనీర్లు, గుడి చరిత్ర పుస్తకాలు, సాగు కరపత్రాలు అందులోనే తయారై పీడీఎఫ్‌లుగా సైట్లలోకి ఎక్కుతాయి. పరీక్ష చాలా సులువు. ఆ పీడీఎఫ్‌లో ఒక వాక్యాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగు వస్తే మంచిది. అర్థంకాని ఇంగ్లీషు గుర్తులు వస్తే అందులో ఉన్నది గూగుల్‌కు తెలియనట్టే. అను నుంచి యూనికోడ్‌కు మార్చే పరికరాలు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, దీర్ఘాలు ఒకసారి సరిచూసుకుని పేజీలో అక్షరాలుగా పెట్టండి.

ఇంకొకటి, బొమ్మ మీద రాత. మంచి సంగతిని రంగుల పోస్టరుగా చేసి పెడతారు. బొమ్మల్లోని అక్షరాలను యంత్రాలు ఇప్పుడు కొంతవరకు చదువుతాయి. దాన్ని నమ్ముకోవద్దు. పోస్టరు పెట్టండి, దాని కింద అదే సంగతిని అక్షరాల్లో కూడా రాయండి. యూట్యూబ్‌లో వీడియో పెట్టేవాళ్ళు కూడా కింద వివరణలో తెలుగులో పది వాక్యాలు రాయాలి.

5. చిరునామా పొట్టిగా ఉండాలి, ఒకసారి పెట్టాక మార్చకూడదు

పేజీ చిరునామాలో తెలుగు మాట పెడితే ఏమవుతుందో చూడండి. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడుతుంది. చిరునామాను కాపీ చేసినప్పుడు ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులుగా విచ్చుకుంటుంది. అంటే తెలుగు గుర్తు ఒకటికి తొమ్మిది. 'వనస్థలిపురం' అన్న మాటలో పొల్లూ గుణింతాలూ సున్నా కలిపి గుర్తులు 11. వాట్సాప్‌లో అతికిస్తే ఆ ఒక్క మాటే 99 గుర్తులు! చూసినవాడు ఇదేదో వైరస్ లింకనుకుని నొక్కడు. గూగుల్‌కు తెలుగు చిరునామాతో ఇబ్బంది లేదు, ఇబ్బంది మనుషులకు.

బ్లాగర్‌లో మరో రకం. తెలుగు శీర్షిక పెడితే అది చిరునామాలోకి ఎక్కదు. బ్లాగ్‌పోస్ట్ అని, పక్కన ఏదో అంకె వచ్చి కూర్చుంటుంది. పాత తెలుగు బ్లాగుల చిరునామాలు సగానికి సగం ఇలాగే ఉంటాయి. ప్రచురించే ముందు కుడి పక్కన పర్మాలింక్ దగ్గర మనమే రెండు మూడు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోవచ్చు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతికేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకూ అది ఆనవాలుగా ఉంటుంది. దీనివల్ల పేజీ పైకెక్కిపోతుందని మాత్రం ఆశపడకండి. చిరునామాలోని మాటలకు గూగుల్ ఇచ్చే విలువ చాలా తక్కువ.

పెట్టాక మార్చితే పాత లింకులన్నీ చచ్చిపోతాయి. మార్చక తప్పకపోతే పాత చిరునామా నుంచి కొత్తదానికి దారి మళ్ళింపు పెట్టాలి. వీలైతే మొదటి నుంచే సొంత డొమైన్ తీసుకోండి. 2009లో జియోసిటీస్ మూతపడింది, 2019లో గూగుల్ ప్లస్ మూతపడింది. వాటిలో రాసుకున్నవాళ్ళ రాతలకు ఆ చిరునామాలే లేకుండా పోయాయి.

పేర్ల రాత గురించి కూడా ఇక్కడే చెబుతాను. ఎల్బీనగర్‌ను కలిపి రాసేవాళ్ళు, విడదీసి రాసేవాళ్ళు, మధ్యలో చుక్కలు పెట్టేవాళ్ళు ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో పొల్లు విడిగా నిలబడటానికి కంటికి కనబడని ఒక గుర్తు వేస్తాం. అది లేకపోతే అక్షరాలు ఒత్తులుగా అతుక్కుంటాయి. కంప్యూటర్‌కు ఆ రెండూ వేర్వేరు అక్షర వరుసలు. గూగుల్ చాలావరకు సర్దుకుంటుంది గానీ, మీ సైటులోపలి వెతుకుడు పెట్టె సర్దుకోకపోవచ్చు. ఒక రాత ఎంచుకుని అన్నిచోట్లా దానికే కట్టుబడి ఉండండి.

6. ఫొటోల బరువు దించండి

ఇప్పటి ఫోను కెమెరా ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది. అలాంటివి పది పెడితే పల్లెటూళ్ళో సిగ్నలు సరిగ్గా లేనివాడి ఫోనులో పేజీ తెరుచుకోదు. 200 కేబీ లోపుకు కుదించి పెట్టండి, ఆకు మీద పురుగు అప్పటికీ స్పష్టంగానే కనిపిస్తుంది. ప్రతి ఫొటోకు 'మందారం మొగ్గ మీద పిండినల్లి' అన్నట్టు తెలుగులో వివరణ రాయండి. చూపు లేనివాళ్ళు ఫోనుతో చదివించుకుని వినేటప్పుడు ఆ మాటలే వాళ్ళకు వినబడతాయి. అన్నిటికంటే ముందు మీ పేజీని కంప్యూటర్‌లో కాక ఫోనులో తెరిచి చూసుకోండి. 2015 ఏప్రిల్ నుంచి గూగుల్ ఫోనులో చదవడానికి వీలుగా ఉన్న పేజీలకు, ఫోను వెతుకులాటల్లో మొగ్గు చూపుతోంది.

7. సెర్చ్ కన్సోల్‌ను వారానికోసారి చదవండి

గూగుల్ ఉచితంగా ఇచ్చే ఈ పరికరాన్ని 2015 దాకా వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవారు. సైటు మీదేనని రుజువు చేసుకుంటే, ఏయే మాటలతో వెతికినవాళ్ళకు మీ పేజీ కనిపించిందో, ఎంతమంది నొక్కారో, సగటున ఎన్నో స్థానంలో ఉందో చూపిస్తుంది. గడిచిన 16 నెలల లెక్క ఉంటుంది. నాకు దీన్ని మించిన గురువు లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. పిండినల్లి మీద ఒక పేజీ రాశాను. శాఖలో వాడే పేరు అదే. సెర్చ్ కన్సోల్ తెరిస్తే, ఆ పేజీ 'మందారం మొగ్గల మీద తెల్ల దూది' అని వెతికినవాళ్ళకు కనిపిస్తోంది, అయితే రెండో పేజీలో ఎక్కడో. వాళ్ళలో ఎవరూ నొక్కడం లేదు. 'పిండినల్లి' అన్న శీర్షిక చూసి అది తమ సమస్యేనని వాళ్ళకు ఎలా తెలుస్తుంది? దూదిలా కనిపించేది పురుగేనని వాళ్ళకు ఇంకా తెలియదు. శీర్షికను 'మందారం మొగ్గల మీద తెల్ల దూదిలా ఉందా? అది పిండినల్లి' అని మార్చాను. మొగ్గను దగ్గరగా తీసిన ఫొటో పెట్టాను. మొదట్లోనే నివారణ రాశాను. నీళ్ళ పైపుతో గట్టిగా కొట్టి కడగాలి, 1500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లాలి, మొక్క మీద చీమలను ఆపాలి, ఎందుకంటే పిండినల్లిని కాపాడేవీ, చోటు మార్చేవీ చీమలే. కొన్ని వారాల్లో ఆ పేజీ మొదటి పేజీలోకి వచ్చింది. పాఠకులు కుప్పలు తెప్పలుగా వచ్చారని చెప్పను. వచ్చినవాళ్ళు అవసరం ఉన్నవాళ్ళు.

అందులో చూడవలసినవి ముఖ్యంగా రెండు. చాలామందికి కనిపిస్తున్నా నొక్కేవాళ్ళు లేరంటే శీర్షిక చూడండి. ఎనిమిదో స్థానం నుంచి పదిహేను దాకా ఉన్న పేజీలను చూడండి, కాస్త మెరుగుపరిస్తే ముందుకొచ్చేవి అవే. అడుగున ఉన్నవాటి కోసం రాత్రింబవళ్ళు కష్టపడొద్దు.

కనిపించిన ప్రతి ప్రశ్నకూ పేజీ రాయాలని కూడా లేదు. మిద్దె తోటలకు సబ్సిడీ ఉందా అని నా పేజీకి వస్తుంటారు. పథకాలు, దరఖాస్తు తేదీలు మారిపోతుంటాయి. నేను రాసి వదిలేస్తే, రెండేళ్ళ తర్వాత చదివినవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగాలి. అందుకని వాటి జోలికి పోను. మీరు అలాంటివి రాస్తే పైన తేదీ వేయండి, మారినప్పుడు దిద్దండి, దిద్దే ఓపిక లేనప్పుడు తీసేయండి.

8. ఈ రోజు పాఠకుడు వేరు, ఏడాది పొడుగునా వచ్చే పాఠకుడు వేరు

తెలుగు బ్లాగులు బాగా వెలిగిన రోజుల్లో కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు ఉండేవి. కొత్తగా రాసినవన్నీ అక్కడ ఒకేచోట కనిపించేవి. హైదరాబాదు బ్లాగర్లు యూసఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో కలుసుకుని మాట్లాడుకునేవారు. అదొక కుటుంబం. అయితే సంకలినిలో ఒక రాత ఆయుష్షు ఒకటి రెండు రోజులే, కొత్తవి రాగానే కిందికి జారిపోయేది. 2013 జులైలో బ్లాగుల కొత్త రాతలను ఒకచోట చదివించే గూగుల్ రీడర్ మూతపడింది, జనం ఫేస్‌బుక్ వైపు మళ్ళారు, చాలా బ్లాగులు ఆగిపోయాయి. వాటిలో ఏదో ఒక ప్రశ్నకు జవాబు చెప్పిన పేజీలు మాత్రం రాసినవాళ్ళు మరిచిపోయినా ఇప్పటికీ వెతుకులాటల్లో తేలుతున్నాయి. ఫేస్‌బుక్‌లో వేసుకోండి, గ్రూపుల్లో పంచుకోండి. కానీ పూర్తి రాత మీ సొంత పేజీలో ఉండాలి.

కొత్త సైటును గూగుల్ గుర్తించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కాబట్టి కాలాన్ని ముందే చూసుకోవాలి. క్యాబేజీ, క్యాలీఫ్లవర్ నారు గురించి చలికాలం వచ్చాక రాస్తే ఏం లాభం? ఆషాఢంలోనే రాసి పెట్టాలి. ఎండాకాలం షేడ్‌నెట్ సంగతి సంక్రాంతికి సిద్ధంగా ఉండాలి.

ఒక్కోసారి మాత్రం ఆగకూడదు. 2021 చివర్లో ఖమ్మం, వరంగల్, గుంటూరు మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. శాస్త్రవేత్తలు త్రిప్స్ పార్విస్పినస్ అనే ఈ పురుగు పూలల్లో చేరి పూత రాల్చేసింది. రైతులు దాని గురించి తెలుగులో ఆత్రంగా వెతికారు. ఆ రోజుల్లో వెతికితే నాకు కనిపించినవి ఎక్కువగా మందుల ప్రకటనలు. కొట్టిన మందే మళ్ళీ మళ్ళీ కొట్టొద్దు, నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి అని నిదానంగా చెప్పే తెలుగు పేజీలు చాలా అరుదు. తెలిసినవాళ్ళు రాయకుండా ఉండిపోతే ఆ ఖాళీలోకి అమ్ముకునేవాళ్ళు వస్తారు. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

9. మొదటి స్థానం గ్యారంటీ అన్నవాడికి డబ్బు ఇవ్వకండి

నెలకింత కట్టండి, మొదటి పేజీలో మొదటి స్థానం ఇప్పిస్తామని ఫోన్లు వస్తుంటాయి. ఆ హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే స్పష్టంగా చెబుతుంది.

1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్ మొదలుపెట్టినప్పుడు వాళ్ళ మూల సూత్రం పేజ్‌ర్యాంక్. ఊళ్ళో నలుగురు పెద్దమనుషులు ఫలానా డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే ఆయన మీద నమ్మకం కుదిరినట్టు, మంచి పేజీలు లింకు ఇచ్చిన పేజీకి విలువ పెరుగుతుంది. దీన్ని పట్టుకుని లింకులు అమ్మే వ్యాపారం పుట్టింది. ఒకే మాటను పేజీ నిండా కుక్కడం, తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో దాచి రాయడం లాంటివి చేశారు. 2011 ఫిబ్రవరిలో పాండా అనే మార్పుతో పసలేని పేజీలను, 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్‌తో కొన్న లింకులను గూగుల్ దెబ్బకొట్టింది. అడ్డదారిలో పైకి వెళ్ళినవాళ్ళు ఒక్క రోజులో మాయమయ్యారు.

తెలుగు వికీపీడియా వ్యాసాల కింద సొంత బ్లాగు లింకు అతికించేవాళ్ళను కూడా చూశాను. వికీపీడియా బయటి లింకులకు తన ఓటు చెల్లదని యంత్రానికి చెప్పే గుర్తు పెడుతుంది. లాభం లేదు, అక్కడ పనిచేసేవాళ్ళకు తొలగించే చాకిరీ ఒకటి మిగులుతుంది. వీలైతే ఆ వ్యాసాన్నే ఆధారాలతో మెరుగుపరచండి.

నిజమైన లింకు అడిగి తెచ్చుకునేది కాదు. మొక్కలకు బోరు నీళ్ళు పోయడం గురించి నేను రాసిన పేజీకి ఎవరెవరో లింకు ఇచ్చారు. వాళ్ళలో చాలామంది నాకు పరిచయం లేరు. వాళ్ళకు ఇంకెక్కడా దొరకని సంగతి అక్కడ ఉంది.

10. మీ వీధికి తెలిసింది ఇంకెవరికీ తెలియదు

ఆ బోరు నీళ్ళ సంగతే చెప్పి ముగిస్తాను. వనస్థలిపురం పక్కనే సాహెబ్‌నగర్‌లో రిజర్వాయరుంది, అక్కణ్ణుంచి మాకు కృష్ణా నీళ్ళు వస్తాయి. అవి తాగడానికి. మొక్కలకు మాత్రం ఎక్కువ ఇళ్ళల్లో బోరు నీళ్ళే గతి. మా బోరు నీళ్ళు పోసిన కుండీల అంచుల మీద కొన్నాళ్ళకు తెల్ల పొర కడుతుంది, ఆకుల కొసలు మాడిపోతాయి. ఎండాకాలంలో పొర మందంగా ఉంటుంది, వానలు పడ్డాక తగ్గుతుంది. నేను ఒకే విత్తనం కరివేపాకు, వంగ రెండేసి కుండీల్లో వేసి ఒకదానికి బోరు నీళ్ళు, ఒకదానికి పట్టి ఉంచిన వాన నీళ్ళు పోసి చూశాను. ఫొటోలు తీసి, ఏ నెలలో ఏం కనిపించిందో రాశాను. అప్పుడప్పుడూ కుండీ అడుగు రంధ్రం నుంచి ధారగా కారేదాకా వాన నీళ్ళు పోసి ఉప్పును కడిగేయమని చెప్పాను. విశ్వవిద్యాలయం పుస్తకంలో ఉప్పు నీళ్ళ గురించి నాకంటే బాగా ఉంటుంది. కానీ ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా మిద్దెల మీద ఏం జరుగుతోందో అందులో ఉండదు. 'బోరు నీళ్ళు మొక్కలకు పోయవచ్చా' అని వెతికేవాళ్ళకు ఆ పేజీ దొరుకుతోంది.

గూగుల్ పేజీల నాణ్యతను అంచనా వేసేవాళ్ళకిచ్చే మార్గదర్శకాల్లో 2022 డిసెంబరులో అనుభవం అన్న మాటను కొత్తగా చేర్చింది. రాసినవారు ఆ పని స్వయంగా చేసి చూశారా అన్నది ఇప్పుడు ఒక కొలత. మన దేశంలో 2024 ఆగస్టు నుంచి కొన్ని వెతుకులాటలకు కృత్రిమ మేధ రాసిన జవాబు పైనే కనిపిస్తోంది. పదిచోట్ల ఉన్న సాధారణ సంగతులనే మళ్ళీ రాసే పేజీలకు ఇక ముందు పాఠకులు తగ్గుతారు, అది ఖాయం. చేసి చూసి, ఫొటో తీసి, నెల పేరు వేసి రాసిన పేజీ అవసరం మాత్రం పెరుగుతుంది, ఎందుకంటే ఆ జవాబులు రాసే యంత్రానికి కూడా సరుకు అక్కణ్ణుంచే రావాలి.

2018లో గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగును ఒప్పుకున్నాక ప్రకటనల ఆదాయం కోసం మొదలుపెట్టేవాళ్ళు పెరిగారు. డబ్బు రావడం తప్పు కాదు, నాకూ కొంత వస్తుంది. అదే మొదటి లెక్క అయితే మాత్రం మొదటి ఏడాదిలోనే నీరసం వస్తుంది.

మీకు బాగా తెలిసి, తెలుగులో వెతికితే సరిగ్గా దొరకని ప్రశ్న ఒకటి కచ్చితంగా ఉంటుంది. మీ అమ్మగారు పెట్టే ఊరగాయలో ఉప్పు కొలత కావచ్చు, మీ ఊరి చెరువు చరిత్ర కావచ్చు, ఆటోనగర్‌లో మీరు ఇన్నాళ్ళు చేసిన రిపేరు పని కావచ్చు. ఫోనులో ఆ ప్రశ్నను తెలుగులో వెతికి చూడండి. సరైన జవాబు కనబడకపోతే అది రాయవలసినవారు మీరే. ఈ వారంలోనే రాసి పెట్టండి.